18 నిండటానికి 4 నెలలే ఉంది కదా, ఆ మెషిన్ దగ్గరకి వెళ్తే ఏమవుతుంది?

ముందు అడిగిన విషయం రెండు ముక్కల్లో. గోడౌన్‌లో 17 ఏళ్ళ 8 నెలల కుర్రాడు పనిచేస్తున్నాడు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, పెద్దవాళ్ళ కంటే చురుగ్గా చేస్తాడు. సేఫ్టీ ఆడిట్‌కి వచ్చినాయన చూసి, అట్టపెట్టెల్ని నొక్కి కట్టలు కట్టే బేలర్ మెషిన్ దగ్గర నుంచి ఇతన్ని తప్పించండి అన్నాడు. దాని మీద ఆ షిఫ్ట్ సూపర్‌వైజర్ అడుగుతున్నది, ఇంకో 4 నెలల్లో 18 నిండుతాయి కదా, ఆ రోజు పొద్దున్న లేచేసరికి ఇతనిలో కొత్తగా ఏం వచ్చి పడుతుంది, ఇదంతా కాగితాల గోల కాదా అని.

నేను 26 ఏళ్ళు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూసి రిటైర్ అయ్యాను, ఇక ఎవరి మొహం చూసి మాట్లాడాల్సిన పని లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ రోజు పొద్దున్న అతనిలో ఏమీ మారదు. ముందు రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉంటాడు. చట్టం రాసినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. మరి 18 అని ఎందుకు పెట్టారంటే, వయసు ఒక్కటే కాగితం చూసి తేల్చగలిగింది, ‘ఇతనికి బుద్ధి వచ్చింది, ఇతనికి ఇంకా రాలేదు’ అని గేటు దగ్గర నిలబడి ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేడు, ఆ మాట ఓనర్ నోట్లో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ఓనర్‌కి అవసరమైన ప్రతి కుర్రాడికీ ఆ రోజే బుద్ధి వచ్చేస్తుంది.

ఇది కొత్త గొడవేం కాదు. ఇంగ్లాండ్‌లో 1833లో బట్టల మిల్లుల్లో 9 ఏళ్ళ లోపు పిల్లల్ని పెట్టకూడదని చట్టం తెచ్చినప్పుడు అక్కడ పుట్టిన తేదీలు సర్కారు రిజిస్టర్‌లో ఎక్కించే పద్ధతే ఇంకా లేదు, అది 1837లో మొదలైంది. అందుకని డాక్టరు పిల్లాడిని నిలబెట్టి ఒళ్ళు, ఎత్తు చూసి ‘9 ఏళ్ళ వాడికి ఉండాల్సినంత ఉన్నాడు’ అని రాసిచ్చేవాడు, తర్వాత పళ్ళు చూసి వయసు లెక్కగట్టే పద్ధతి కూడా వచ్చింది. అంటే మీరిప్పుడు అంటున్న ‘చూడ్డానికి పెద్దవాడిలా ఉన్నాడు కదా’ అనే కొలతని ఇంచుమించు 200 ఏళ్ళ కిందటే వాడి చూశారు, అది మోసాలకే పనికొచ్చింది.

సరే, 18 దగ్గర గీసిన గీత సంగతి అది. అసలు విషయం వేరే ఉంది. మీరు కుర్రాడిని చూసి అడుగుతున్నారు, చట్టం పనిని చూసి మాట్లాడుతోంది. ఈ చట్టాలు ఏ దేశంలోవైనా ఒకసారి చదివి చూడండి, వీడు తెలివైనవాడా, బలమైనవాడా అని దాదాపు ఎక్కడా ఉండదు, ఫలానా మెషిన్, ఫలానా ఎత్తు, ఫలానా లోతు, ఫలానా ధూళి అని ఉంటుంది. అదీ ఉద్యోగం పేరుతో కాదు, పనుల వారీగా. గోడౌన్ ఉద్యోగం మొత్తం ప్రమాదం అని ఎవరూ అనలేదు, అందులో ఆ ఒక్క మెషిన్ దగ్గర పని అన్నారు.

ఎందుకో మీ బేలర్‌నే తీసుకుని చెప్తాను. దాంట్లో అట్టలు నొక్కే పెద్ద ఇనప పలక ఉంటుంది, హైడ్రాలిక్ ప్రెషర్ మీద కదుల్తుంది. రోజంతా మామూలుగా నడిచినప్పుడు దాంతో ఎవరికీ ఏమీ కాదు. ఎక్కువగా అయ్యేది అట్ట ఇరుక్కున్నప్పుడే. ఇరుక్కోగానే ఎవరో ఒకరు చెయ్యో కర్రో పెట్టి పొడుస్తారు, అది రాకపోతే ఒక కాలు లోపల పెట్టి తొక్కుతారు. ఆటోమేటిక్ రకం అయితే సెన్సర్ ముందు ఏదో ఒకటి అడ్డొస్తే చాలు సైకిల్ మొదలైపోతుంది, అడ్డొచ్చింది అట్టముక్కా మనిషి కాలా దానికి తెలీదు. ఇంక కట్ట బయటకి తీసేటప్పుడు బిగించిన వైరు పుటుక్కున తెగితే మొహం మీదకి కొరడాలా వస్తుంది. ఇవన్నీ మీకు తెలిసినవే, ఎందుకు మళ్ళీ చెప్తున్నానంటే ఇరుక్కున్న అట్టని తీయడానికి ముందు పరిగెత్తేది ఎవరో మీరే గుర్తు తెచ్చుకోండి. ఆ చురుకైన కుర్రాడే కదా.

అమెరికాలో ఈ బేలర్ గురించే ప్రత్యేకంగా ఒక ఆర్డర్ ఉంది. అక్కడ 1938 నాటి కార్మిక చట్టం కింద 18 లోపు వాళ్ళు చేయకూడని పనులకి 17 ఆర్డర్లు ఉన్నాయి, రంపాలకి ఒకటి, లోహాన్ని వంచే ప్రెస్సులకి ఒకటి, ఇళ్ళ పైకప్పు పనికి ఒకటి, గోతులు తవ్వే పనికి ఒకటి ఇలా, అందులో పేపర్ బేలర్లకీ ఒకటి. దాని ప్రకారం 16, 17 ఏళ్ళ వాళ్ళు కొన్ని రకాల బేలర్లలో అట్టలు వేయొచ్చు, అంతే. నడపకూడదు, కట్టలు బయటకి తీయకూడదు. అట్టలు వేయడానికైనా ఆ మెషిన్ ఒప్పుకున్న స్టాండర్డ్‌కి తగ్గట్టు ఉండాలి, లోడ్ చేస్తున్నంతసేపూ నడవని ఏర్పాటు ఉండాలి, ఆన్ ఆఫ్ స్విచ్‌కి తాళం ఉండాలి, ఆ తాళం చెవి 18 నిండినవాళ్ళ చేతిలోనే ఉండాలి, మెషిన్ మీద బోర్డు కూడా పెట్టాలి. చూడండి ఎంత దగ్గరగా నిలబడి రాశారో. ఎవరో ఆఫీసులో కూర్చుని ‘పిల్లలు జాగ్రత్త’ అని రాసింది కాదిది, ప్రమాదం ఏ నిమిషంలో జరుగుతుందో చూసినవాళ్ళు రాసింది.

మాంసం కోసే స్లైసర్ విషయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. 18 లోపు వాళ్ళు దాన్ని నడపకూడదు సరే, కడగకూడదు కూడా. మెషిన్ ఆపేసి, విడిభాగాలు ఊడదీసి, సింక్‌లో వేసినా వాటిని కడగకూడదు. చదివినవాళ్ళు నవ్వుతారు, ఇదెక్కడి చాదస్తం అని. నేనూ మొదట్లో నవ్వాను. తర్వాత కొన్నేళ్ళు యాక్సిడెంట్ రిజిస్టర్లు రాశాక నవ్వడం మానేశాను, ఎందుకంటే బ్లేడుకి కరెంటుతో పని లేదు, అది బల్ల మీద ఉన్నా బ్లేడే.

క్లీనింగ్ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ‘మెషిన్ మీద పెట్టలేదండీ, క్లీనింగ్‌కే పెట్టాం’, ‘హెల్పర్ అండీ, ఏదన్నా పడితే తీస్తాడంతే’. ఈ రెండు మాటలు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, కన్వేయర్ మీద 17 ఏళ్ళ ట్రైనీ ఉండేవాడు. కాగితం మీద హెల్పర్. షిఫ్ట్ అయిపోయాక బెల్టు చివర రోలర్‌కి అంటుకున్న జిగురు తుడవమన్నారు. ఆపి తుడిస్తే ఒక వైపే శుభ్రం అవుతుంది, తిరుగుతుంటే గుడ్డ ఆనించి పెడితే మొత్తం అదే శుభ్రమైపోతుంది, ఈ కిటుకు అతనికి నేర్పింది పదేళ్ళు అనుభవం ఉన్న ఆపరేటరే. గుడ్డ కొస బెల్టుకీ రోలర్‌కీ మధ్యకి వెళ్ళింది. గుడ్డని వేలికి చుట్టుకుని పట్టుకున్నాడు.

లెక్క చెప్తాను. బెల్టు సెకనుకి ఒక మీటరు నడుస్తుందనుకోండి, అది పెద్ద వేగమేం కాదు, మనిషి నడక కంటే తక్కువే. ఎంత చురుకైనవాడికైనా చెయ్యి వెనక్కి లాక్కోవాలని తోచి కండ కదలడానికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో బెల్టు 25 సెంటీమీటర్లు లోపలికి లాగేస్తుంది, అంటే వేలి కొస నుంచి మణికట్టు దాటిపోతుంది. ఎమర్జెన్సీ స్టాప్ తాడు అతని వెనకాల ఉంది. అతనికి రెండు వేళ్ళు పోయాయి, అదృష్టం బాగుంది కాబట్టి రెండే. తర్వాత ఫైలు తీస్తే ట్రైనింగ్ ఇచ్చినట్టు షీటు ఉంది, అతని సంతకమూ ఉంది, అడిగితే ‘చేరిన రోజు ఓ పది కాగితాల మీద పెట్టించుకున్నారు సార్’ అన్నాడు.

ఆ పదేళ్ళ ఆపరేటర్ మీద నాకు కోపం లేదు, అతనికీ అలాగే నేర్పారు. అయితే ఒకటి గమనించండి, అదే కిటుకు 35 ఏళ్ళ వాడికి చెప్తే ‘నువ్వు తుడువు చూద్దాం’ అంటాడు. 17 ఏళ్ళ వాడు అనడు. ఇక్కడే వయసు పని చేస్తుంది. చాలామంది కుర్రాళ్ళకి ప్రమాదం తెలీదు కాబట్టి ఆపుతున్నారు అనుకుంటారు, నా అనుభవంలో అది సగమే నిజం, మనలాగే వాళ్ళకీ తెలుసు, కానీ పక్కన నలుగురు చూస్తున్నప్పుడు, సూపర్‌వైజర్ తొందరపెడుతున్నప్పుడు, కొత్తగా వచ్చిన ఉద్యోగం నిలబెట్టుకోవాలని ఉన్నప్పుడు ‘నేను చేయను’ అనే మాట ఆ వయసులో నోటికి రాదు. యూరప్ దేశాలు 1994లో యువ కార్మికుల కోసం తెచ్చుకున్న ఉమ్మడి నిబంధనలో మూడు కారణాలు రాశారు, అనుభవం లేకపోవడం, ఉన్న ప్రమాదమూ రాబోయే ప్రమాదమూ తెలియకపోవడం, ఇంకా పూర్తిగా ఎదగకపోవడం. నన్నడిగితే నాలుగోది కూడా రాయాల్సింది, కాదనలేకపోవడం.

ఇది మెషిన్ల సంగతి. కంటికి కనపడనివి ఇంకా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ అడగరు కూడా. రాయి కోసే దుమ్ములో సిలికా, పాత కట్టడాలు కూల్చేటప్పుడు లేచే ఆస్‌బెస్టాస్, బ్యాటరీల దగ్గర సీసం, ఇవి ఆ రోజు ఏమీ చేయవు. ఊపిరితిత్తుల జబ్బు బయటపడటానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ఆస్‌బెస్టాస్ అయితే ఒక్కోసారి నలభై ఏళ్ళు. యాభైలో మొదలుపెట్టిన మనిషి ఆ జబ్బు వచ్చేలోపు ముసలివాడైపోతాడు, పదహారులో మొదలుపెట్టినవాడికి అది పిల్లల చదువులు నడుస్తున్న వయసులో వచ్చి కూర్చుంటుంది. సీసం పెరిగే వయసులో మెదడు మీద చేసే దెబ్బ వేరే. రేడియేషన్‌లో అయితే ఈ తేడాని అంకెల్లోనే పెట్టారు, యూరప్ నిబంధనల్లో పెద్ద కార్మికుడికి ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క) పరిమితి, చదువులో భాగంగా రేడియేషన్ దగ్గర పనిచేయాల్సి వచ్చిన 16 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 6, చదువుతో సంబంధం లేకపోతే 18 లోపు వాళ్ళని అసలు పెట్టనే కూడదు.

ఇలా ఆలస్యంగా వచ్చే జబ్బుల సంగతి తొలినాళ్ళలో బయటపడింది కూడా పిల్లల పని వల్లే. లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లో రాశాడు, చిన్నప్పుడు పొగగొట్టాల్లోకి ఎక్కి మసి దులిపినవాళ్ళకి పెద్దయ్యాక వృషణాల సంచి మీద క్యాన్సర్ వస్తోందని. ఒక పని వల్ల క్యాన్సర్ వస్తుందని గట్టిగా చెప్పిన తొలి మాటల్లో అదొకటి. ఆ పొగగొట్టాల కథ ఇంకొంచెం చెప్పాలి, మీ ప్రశ్నకి అందులో జవాబుంది. 1788లో 8 ఏళ్ళ లోపు వాళ్ళని ఈ పనిలో పెట్టుకోవద్దని చట్టం చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. 1840లో ఏకంగా 21 ఏళ్ళ లోపు ఎవరినీ పొగగొట్టం ఎక్కించకూడదన్నారు. ఎంత గట్టి చట్టమో చూడండి, మనం 18 అని గోల పెడుతుంటే వాళ్ళు 21 అన్నారు. అయినా 35 ఏళ్ళ తర్వాత, 1875లో, జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లాడు కేంబ్రిడ్జ్ దగ్గర ఒక ఆస్పత్రి పొగగొట్టంలో ఇరుక్కుని చనిపోయాడు. ఆ ఏడాదే ఇంకో చట్టం తెచ్చారు, అందులో వయసు గురించి కొత్తగా చెప్పిందేం లేదు, పొగగొట్టాలు దులిపే ప్రతివాడూ పోలీసుల దగ్గర లైసెన్స్ తీసుకోవాలి అన్నారు. ఆగిపోయింది. కాగితం మీద 21 రాసినంత మాత్రాన ఆగనిది, అడిగేవాడు ఒకడు ఉన్నాడు అనేసరికి ఆగింది. మీ దగ్గరకి ఆడిట్‌కి వచ్చినాయన మీద విసుక్కుంటున్నారు కదా, ఆయన చేసేది ఆ పనే.

బొగ్గు గనుల్లో కూడా ఇంతే. 1838లో ఇంగ్లాండ్‌లో హస్కర్ అనే గనిలో వాన నీళ్ళు ఒక్కసారిగా లోపలికి వచ్చి 26 మంది పిల్లలు పోయారు, చిన్నవాళ్ళకి ఏడేళ్ళు, పెద్దవాళ్ళకి పదిహేడు. దేశం ఉలిక్కిపడింది, విచారణ కమిషన్ వేశారు, ఆ రిపోర్టులో పిల్లలు నడుముకి గొలుసు కట్టుకుని బొగ్గు బండి లాగుతున్న బొమ్మలు వేయించి పెట్టారు, అక్షరాలు చదవని పెద్దమనుషులు కూడా బొమ్మలు చూశారు. 1842లో చట్టం వచ్చింది, ఆడవాళ్ళూ, 10 ఏళ్ళ లోపు మగపిల్లలూ గని కిందకి వెళ్ళకూడదని. 1844లో మిల్లుల చట్టానికి కలిపిన దాంట్లో తిరుగుతున్న మెషినరీని పిల్లలతో తుడిపించకూడదని రాశారు. 1844 అండి. నా దగ్గర రెండు వేళ్ళు పోగొట్టుకున్న కుర్రాడి కేసుకి ఒకటిన్నర శతాబ్దం ముందే ఆ వాక్యం రాసి ఉంది.

ఇప్పటి చట్టాలకి వస్తే, దాదాపు అన్నీ రెండు అంతర్జాతీయ ఒప్పందాల నీడలో ఉంటాయి, రెండూ అంతర్జాతీయ కార్మిక సంస్థవే. 1973 నాటి 138వ ఒప్పందం మామూలు పనికి కనీస వయసు 15 అంటుంది, ఆర్థికంగా వెనకబడ్డ దేశాలు 14తో మొదలుపెట్టొచ్చు, కానీ ప్రమాదకరమైన పనికి మాత్రం 18. 1999 నాటి 182వ ఒప్పందం ఇలాంటి పనుల నుంచి పిల్లల్ని వెంటనే బయటకి తీయండి అంటుంది, 2020 ఆగస్టులో టోంగా కూడా సంతకం పెట్టడంతో ఆ సంస్థలో ఉన్న 187 దేశాలూ దాన్ని ఒప్పుకున్నట్టయింది, ఇన్ని దేశాలు మొత్తంగా ఒప్పుకున్న తొలి కార్మిక ఒప్పందం ఇదే. దాంతోపాటు వచ్చిన సిఫార్సులో ఏవి ప్రమాదకరమో చెప్పారు, భూమి కింద, నీళ్ళ కింద, ప్రమాదమైన ఎత్తుల్లో, ఇరుకు గదుల్లాంటి చోట్ల పని, ప్రమాదమైన మెషిన్లూ పనిముట్లూ, పెద్ద బరువులు చేత్తో మోయడం, విష పదార్థాలు, విపరీతమైన వేడి, చప్పుడు, అదురు, ఇంకా రాత్రి పనీ గంటల కొద్దీ పనీ. చివరిది చాలామంది మర్చిపోతారు. మెషిన్ ముట్టుకోకపోయినా రాత్రి షిఫ్ట్ వేస్తే అది కూడా ప్రమాదకర పని కిందకే రావొచ్చు, మీ కుర్రాడి షిఫ్ట్ ఏంటో చూసుకోండి.

వివరంగా ఏ పనులు అన్న జాబితా మాత్రం ఏ దేశానికి ఆ దేశం రాసుకోవాలి. భారత్‌లో 1986 నాటి బాల కార్మికుల చట్టం మొదట 14 లోపు పిల్లల గురించే, 2016లో సవరించి 14 నుంచి 18 మధ్య వాళ్ళని గనుల్లో, మండే, పేలే పదార్థాల దగ్గర, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టకూడదన్నారు, 2017లో ఆ జాబితాని ఇంకా పెంచారు. పెట్టుకున్నవాళ్ళకి మొదటిసారే 6 నెలల నుంచి 2 ఏళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు.

‘వాడే చేస్తానన్నాడు’, ‘వాళ్ళ నాన్న సంతకం పెట్టాడు’, ఇవి పనికిరావు. ప్రమాదకర పనుల నిషేధంలో కుర్రాడి ఇష్టానికి విలువ లేదు, తండ్రి సంతకానికీ లేదు, బాధ్యత పని ఇచ్చినవాడిదే. నాకు తెలిసిన ఒక కాంట్రాక్టర్ స్టాంపు పేపర్ మీద తండ్రి చేత రాయించుకుని ఫైల్లో భద్రంగా పెట్టుకున్నాడు, తనిఖీలో అదే అతని మెడకి చుట్టుకుంది, ఎందుకంటే వయసు తెలిసే పెట్టుకున్నానని అతనే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టయింది.

ఈ చట్టాలకి కన్నాలు లేవని నేను అనను. అతి పెద్ద కన్నం పొలం. అమెరికాలో ఫ్యాక్టరీలో ప్రమాదకర పనికి 18 అంటారు, అదే పొలంలో అయితే 16, సొంత తల్లిదండ్రుల పొలం అయితే ఏ వయసు పరిమితీ లేదు. ట్రాక్టర్‌కి ఈ తేడా తెలీదు కదా, ఎవరి పొలంలో అయినా ఒకేలా తిరగబడుతుంది. పొగాకు తోటల్లో తడి ఆకులు కోసేటప్పుడు చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి పోయి తల తిరగడం, వాంతులు వస్తాయి, దానికి పచ్చి పొగాకు జబ్బు అనే పేరే ఉంది, అయినా అక్కడ 12 ఏళ్ళ వాళ్ళు తల్లిదండ్రులు ఒప్పుకుంటే బడి లేని వేళల్లో ఆ పని చేయొచ్చు. చట్టం రాసిన రోజుల్లో పొలం అంటే కుటుంబం అన్న లెక్కలో వదిలేశారు, తర్వాత మార్చబోతే మార్చనివ్వలేదు. ప్రపంచం మొత్తం మీద 2024 లెక్కల్లో 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉంటే అందులో 5.4 కోట్ల మంది ప్రమాదకర పనుల్లో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి చెప్పాయి. మొత్తం మీద పది మందిలో ఆరుగురు వ్యవసాయంలోనే. అంటే చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర గట్టిగా నిలబడింది, ఎక్కువమంది పిల్లలు గేటు లేని చోట ఉన్నారు.

గేటు ఉన్నచోట కూడా అంతా సవ్యంగా ఉందనుకోకండి. 2023లో అమెరికాలో మాంసం ప్లాంట్లకి క్లీనింగ్ కాంట్రాక్ట్ చేసే ఒక కంపెనీ 13 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 102 మందిని 8 రాష్ట్రాల్లో 13 ప్లాంట్లలో రాత్రిపూట పెట్టి ఎముకలు కోసే రంపాలు కడిగించినందుకు 15 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. మళ్ళీ చూడండి, క్లీనింగే. మళ్ళీ రాత్రి షిఫ్టే. ప్లాంటు వాడు నా మనుషులు కాదు కాంట్రాక్టర్ మనుషులు అంటాడు, కాంట్రాక్టర్ నాకు ఇచ్చిన కాగితంలో వయసు 20 అని ఉంది అంటాడు.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. మరి పని ఎప్పుడు నేర్చుకోవాలి, 18 నిండేదాకా చేతులు కట్టుకుని కూర్చుని ఆ మర్నాడు మెషిన్ ఎక్కితే అది ఇంకా ప్రమాదం కదా అని. నిజమే, ఈ మాటలో న్యాయం ఉంది, అందుకే చాలా చట్టాల్లో ట్రైనింగ్‌కి తలుపు తీసి పెట్టారు. 138వ ఒప్పందమే 16 నుంచి కొన్ని పనులు ఒప్పుకోవచ్చు అంటుంది, ఆరోగ్యానికీ భద్రతకీ నడవడికకీ పూర్తి రక్షణ ఉంటే, ఆ పనికి తగ్గ శిక్షణ ఇచ్చి ఉంటే. జర్మనీలో అప్రెంటిస్‌షిప్ పద్ధతి దేశమంతా నడుస్తుంది, 16, 17 ఏళ్ళ వాళ్ళు లేత్‌ల మీదా వెల్డింగ్ మీదా నేర్చుకుంటారు, కానీ ఆ పని వాళ్ళ శిక్షణకి నిజంగా అవసరమై ఉండాలి, తెలిసినవాడు దగ్గరుండి చూడాలి, పనిలోకి చేరేముందే డాక్టర్ పరీక్ష అయి ఉండాలి. బ్రిటన్‌లో కూడా ఇంచుమించు ఇదే, శిక్షణకి అవసరం అవ్వాలి, సమర్థుడైన మనిషి పర్యవేక్షణ ఉండాలి, ప్రమాదాన్ని వీలైనంత తగ్గించాలి.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, నేను ఏ చోటుకి వెళ్ళినా ట్రైనీని ఒకటే అడిగేవాణ్ణి, ఈ రోజు నువ్వు రాకపోతే లైన్ ఆగుతుందా అని. ఆగదు అంటే అతను నేర్చుకుంటున్నాడు. ఆగుతుంది అంటే అతను ట్రైనీ కాదు, తక్కువ జీతానికి దొరికిన ఆపరేటర్. మీ బేలర్ దగ్గర ఈ కుర్రాడు ఏ రకమో మీకే తెలుసు, నాకు చెప్పక్కర్లేదు.

ఇక చేయాల్సింది. మెషిన్ దగ్గర నుంచి తప్పించినందుకు జీతం కోయకండి, కోస్తే రేపు వేరే చోట వయసు ఎక్కువ చెప్పి ఇంతకంటే దరిద్రమైన పనిలో చేరతాడు. బిల్లింగ్, స్టాక్ లెక్క, లేబుల్ అంటించడం, తేలిక సరుకు సర్దడం ఇవ్వొచ్చు. ఫోర్క్‌లిఫ్ట్ మాత్రం వద్దు, బేలర్ నుంచి తప్పించి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కించిన మహానుభావుల్ని నేను చూశాను. వయసు ఆధారం కాగితం అసలుది చూడండి, జిరాక్స్ కాదు. ఇతని పేరు పక్కన ఏయే పనులు చేయకూడదో రాసి షిఫ్ట్ మారేటప్పుడు అవతలి సూపర్‌వైజర్‌కి కూడా చెప్పండి, ఎందుకంటే మీరు జాగ్రత్తగానే ఉంటారు, ఆదివారం మీ బదులు వచ్చినాయనకి ఈ సంగతి తెలీదు, ‘ఏయ్ కాస్త ఆ అట్ట తియ్యి’ అంటాడు, ఇతను పరిగెత్తుతాడు.

18 నిండిన రోజు బేలర్ తాళం చెవి చేతిలో పెట్టేయకండి. ఆ రోజు నుంచి ట్రైనింగ్ మొదలుపెట్టండి. మొదట ఆపడం నేర్పండి, నడపడం తర్వాత. ఇరుక్కుంటే కరెంటు తీసి, తాళం వేసి, ఆ తాళం చెవి తన జేబులోనే పెట్టుకుని, లోపల నిలిచిన ప్రెషర్ వదిలేసి, అప్పుడు చెయ్యి పెట్టడం మీ ముందు పది సార్లు చేయించండి. కొత్త పనిలో మొదటి నెలలో ఏ వయసు వాళ్ళకైనా దెబ్బలు ఎక్కువ తగుల్తాయి కాబట్టి ఆ నెలంతా పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇంకో సంగతి, బేలర్ స్విచ్‌కి అసలు తాళం ఉందా? చాలా గోడౌన్లలో చెవి స్విచ్‌లోనే పెట్టి వదిలేస్తారు, పోతుందని తాడుతో కట్టి మరీ వేలాడదీస్తారు. అలా ఉంటే కుర్రాడి వయసు సంగతి తర్వాత, ముందు వెళ్ళి ఆ తాడు కోసేసి చెవి మీ జేబులో వేసుకోండి.